చలి పొద్దుల్లో జారే ఘోడా

దసరా వెళ్లి నెల కాకముందే నాచారంలో మా బ్యాంకుకు వెళ్లవలసి వచ్చింది. మా ఆయన పోయాక ఆయన పింఛను నాకు వస్తోంది కాబట్టి, నేనింకా బతికే ఉన్నానని ఏటా ఒకసారి వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాలి, నా వయసుకు వచ్చిన మీ అందరికీ ఈ తతంగం తెలిసిందే. లోపల కుర్చీలన్నీ నిండి ఒక్కటే ఖాళీగా ఉంది. నా మోకాళ్లకు ప్రాణం లేచివచ్చి అటు నడవబోతే, తలుపు పక్కన కూర్చున్న గార్డు ఒళ్లో అడ్డంగా పెట్టుకున్న పాత రెండు గొట్టాల తుపాకి సరిగ్గా ఆ కుర్చీ వైపే మూతి పెట్టి ఉంది. దాని కట్టె మీద కుంకుమ బొట్టు, ఇనుమూ కట్టె కలిసే సందులో ఎండిపోయిన పసుపు గీత.

ఆ పసుపు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. పక్కకు జరిగి స్తంభం వెనక్కి వెళ్లి నిలబడ్డాను. కౌంటర్‌లో అమ్మాయి కూర్చోండమ్మా అని పిలుస్తూనే ఉంది, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో మునిగి ఉన్నారు, ఆ ఖాళీ కుర్చీ పక్కనే ఒక తల్లి చంటిపిల్లకు పాలసీసా పడుతోంది. పైన ఏసీ నీళ్లు కారుతున్నాయని ఒక అబద్ధమాడి ఆమెను ఇవతలికి లేపుకొచ్చాను. ఆమె పైకి చూసింది, నన్ను చూసింది, ముసలామెకు చాదస్తం అనుకుని ఉంటుంది. అనుకోనీ.

నేను కాపురానికి వచ్చింది తుపాకులు బాగుచేసే ఇంటికి. ఉప్పల్ చౌరస్తాకు కాస్త ఇవతల, రోడ్డు వైపు గది దుకాణం, దాని పక్కనే వంటిల్లు, వెనక మేముండే గదులు. పెళ్లికి ముందు మావాళ్లు అదేదో ఇనుప సామాన్ల దుకాణం అనుకున్నారు, విడమర్చి అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు. వచ్చిన మర్నాడు చీపురు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లిన నేను, గోడకు వరసగా నిలబెట్టిన తుపాకులను చూసి చీపురు అక్కడే పడేసి మా అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టుకుని మళ్లీ తీసుకొచ్చి నేల మీద సున్నంతో గీసిన గీత చూపించింది. గీతకు అవతల తుపాకులు, ఇవతల మనుషులు. అవి ఖాళీవైనా, విప్పి ముక్కలుగా పెట్టినవైనా, వాటి మూతుల ముందు నుంచి ఆ ఇంట్లో ఎవరూ నడవకూడదు.

ట్రిగ్గర్ బాగాలేదని వచ్చిన తుపాకులకు మాత్రం గోడ దగ్గర చోటు లేదు. గది మూలలో పెద్ద చెక్కపెట్టె నిండా ఇసుక ఉండేది, దానిలోకి మూతి పెట్టి వాటిని పడుకోబెట్టేవారు. ఆ పెట్టె వెనక గోడ మా వంటింటిది. నేను పచ్చడి నూరుకుంటూ ఉండగా ఒక్కోసారి ఆ గోడ అవతల, దుకాణంలో ఎవరూ లేని సమయంలో, టక్కుమని చప్పుడయ్యేది. ఎవరూ ముట్టని తుపాకిలో లోపలి సుత్తి దానంతటది జారి పడిన చప్పుడది. లోపల తూటా లేదని తెలుసు, మధ్యలో అంత ఇసుక ఉందని తెలుసు, అయినా నూరుతున్న చెయ్యి ఆగిపోయేది. ఇన్నేళ్లయినా ఎక్కడ తలుపు గడియ పడినా నాకు ముందు ఆ చప్పుడే గుర్తొస్తుంది.

మా మామగారు మాటలు తక్కువ మనిషి, ఉన్న కాసిని మాటలూ పుల్ల విరిచినట్టు ఉండేవి. ఆయన దగ్గరికి కీసర వైపు నుంచి అడవిపందుల బెడద పడలేక లైసెన్సు తీసుకున్న రైతులు వచ్చేవారు, వేటలు మానేసినా తుపాకి వదులుకోలేని నవాబుల కాలపు పాత దేవిడీల పెద్దమనుషులు వచ్చేవారు, ఫ్యాక్టరీల దగ్గర, బ్యాంకుల దగ్గర కాపలా కాసే గార్డులు వచ్చేవారు. అందరి చేతుల్లోనూ తాతల కాలంనాటి రెండు గొట్టాల తుపాకులే. ట్రిగ్గర్ లాగలేక వేలు వాచిందని ఒకరు, ముట్టుకోకముందే పేలుతోందని ఒకరు, ఒకటి నొక్కితే రెండూ కలిసి పేలి భుజం పట్టేసిందని ఇంకొకరు. ఈయన వెంటనే తుపాకి చేతిలోకి తీసుకునేవారు కాదు. ముందు హకీము నాడి చూసినట్టు ప్రశ్నలు వేసేవారు. ఎప్పుడు జారింది, పొద్దుననా సాయంత్రమా? ఎక్కడ పెడతావు, గోడకా సందూకుపెట్టెలోనా? వానకు తడిసిందా? నువ్వు కాక ఇంట్లో ఇంకెవరు ముడతారు? సగం రోగం తుపాకిలో ఉండదు, దాన్ని పెట్టిన ఇంట్లో ఉంటుందని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నలు అయ్యేసరికే చాలాసార్లు రోగం బయటపడేది. ఎలుక మూత్రం పోసి తుప్పు పట్టినవి, వడ్లబస్తా పక్కన పెడితే నూకపొడి లోపలికి పోయినవి, ఇంటి పెద్దాయన సొంత తెలివితో ఆకురాయి పెట్టి అరగదీసినవి, ఎన్నని చెప్పను.

ఒకనాడు నేను దుకాణం గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే, ఆయనకు ఏం బుద్ధి పుట్టిందో, విప్పిన తుపాకి కడుపు నాకు చూపించారు. మన హైదరాబాదు వైపు తుపాకి సుత్తిని ఘోడా అంటారు. కొన్నిటికి అది పైకే కనిపిస్తుంది, బ్యాంకు గార్డుల తుపాకుల్లాంటివాటికి లోపల దాగి ఉంటుంది. తూటాలు పెట్టడానికి తుపాకి నడుము విరిస్తే చాలు, లోపల ఘోడాలు రెండూ వెనక్కి ఎక్కి కూర్చుంటాయి. ఒక్కో ఘోడాకు ఒక గాటు, ఆ గాటులో ఒక చిన్న ఇనుప కొక్కెం. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం లేస్తుంది, ఘోడా పడుతుంది.

"తుపాకంతా గీ కొక్కెం మీదనే ఉన్నదమ్మా. నిండ గూసుంటే ఏనుగు తొక్కినా కదలది. కొసకు గూసుంటే తుమ్మినా జారుతది," అన్నారు.

మరి పైన సేఫ్టీ అని ఒక మీట ఉంటుంది కదా అని అడిగాను. చాలా పాత తుపాకుల్లో అది ట్రిగ్గర్‌ను పట్టి ఆపుతుంది తప్ప ఘోడాను కాదట. వేలు పొరపాటున తగిలితే కాపాడుతుంది, కొక్కెం జారితే దానికి దిక్కులేదు. అందుకే తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఒక అలవాటు నూరిపోసేవారు. తూటాలు పెట్టేముందు ఖాళీ తుపాకిని ఒకసారి విరిచి మూసి, మూతి ఇసుక వైపు పెట్టి, దాని మడమ, అంటే కట్టె వెనక కొస, నేలకు తట్టి, చెవి పెట్టి వినాలి. ఏ చప్పుడూ లేకపోతేనే తూటా.

ఆయనకు ఇంకొక పట్టింపు ఉండేది, అది చెప్పకపోతే తర్వాతి కథ మీకు అర్థం కాదు. ఆ విదేశీ పాత తుపాకుల మరలు వెంట్రుకంత సన్నటి గాట్లతో ఉంటాయి, మొరటువాడు విప్పితే గాటు చెదిరి మర గుండుసున్నా అవుతుంది. చెదరని మరలున్న తుపాకిని చూస్తే మా మామగారి మొహం వెలిగేది. రోగం కళ్లబడితే తప్ప ఆయన మర విప్పేవారు కాదు, ఊరికే విప్పి చూద్దాం అన్నవాళ్లను దుకాణం మెట్లు దింపేవారు.

ఆయన అల్లుడి తుపాకికి అలాంటి మరలే ఉండేవి. అల్లుడంటే మా ఆయన అక్క భర్త, నాకు వరసకు అన్న. పటాలంలో చేసి వచ్చి, సొంత లైసెన్సు మీద తుపాకి కొనుక్కుని, ఒక ఏజెన్సీ ద్వారా నాచారం ఫ్యాక్టరీల మధ్య ఉన్న బ్యాంకులో గార్డుగా కుదిరాడు. తూటాలు నింపిన తుపాకి ఉంటేనే డ్యూటీ, తుపాకి లేని రోజు అతని స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటాడు. దాన్ని ఒక దేవిడీవారి దగ్గర వెతికి, ఎంచి, ఇప్పించింది మా మామగారే. అన్న, వదినె, పిల్లలు, అన్న వాళ్ల అమ్మ నాగారంలో ఉండేవారు. ఆదివారం వచ్చిందంటే అందరూ మా ఇంటికి భోజనానికి వచ్చేవారు, ఆ పెద్దమ్మ తప్ప. ఆమె గడప దాటి ఎక్కడికీ వచ్చేది కాదు.

ఆ ఏడు దసరాకు కూడా అంతే. మా ఇంట్లో ఆయుధపూజ అంటే చూసేవాళ్లకు చప్పగా ఉంటుంది. తుపాకులను చాప మీద వరసగా పడుకోబెట్టి, కట్టె మీద మాత్రం పొడి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ బయట గేటు దగ్గర కొట్టేవాళ్లం. నూనె గాని, పసుపునీళ్లు గాని ఇనుము దరిదాపులకు రానిచ్చేవారు కాదు. అన్న తన తుపాకిని ఇంట్లోనే భద్రంగా పెట్టి పండగకు వచ్చాడు. తిన్నాం, జమ్మి ఇచ్చిపుచ్చుకున్నాం, పెద్దల కాళ్లు మొక్కాం, సంతోషంగానే గడిచింది. మా ఇంట్లో అందరం కలిసి నవ్వుకున్న ఆఖరి పండగ అదే.

కార్తీకం చలి మొదలయ్యాక ఒక ఆదివారం అన్న భోజనాల తర్వాత గొంతు సవరించుకుని, కుడి గొట్టం ఘోడా జారుతోందని చెప్పాడు. పొద్దున బ్యాంకులో డ్యూటీ ఎక్కేముందు, వెనక వరండాలో నిప్పు ఆర్పడానికి పెట్టిన ఎర్ర ఇసుక బకెట్ల వైపు మూతి పెట్టి, మామ చెప్పినట్టే ఖాళీ తుపాకిని నేలకు తడితే టక్కుమందట. మళ్లీ విరిచి మూస్తే నిలబడిందట. మా మామగారు తుపాకి తీసుకుని పెరట్లో ఎండలో నిలబడి విరిచారు, మూశారు, తట్టారు, గట్టిగా తట్టారు. లోపల ఘోడా కదల్లేదు. ట్రిగ్గర్ నొక్కితే పడాల్సినట్టు పడింది. "ఏలు తాకి ఉంటది అల్లుడా," అని తిరిగి ఇచ్చేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బయటి మనిషి ఎవరైనా అదే మాట చెప్పి ఉంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ముట్టారు అని ఆయన ఊపిరి తిప్పుకోనిచ్చేవారు కాదు. అల్లుణ్ణి అడగలేదు. కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మనిషిని, కడుపునిండా అన్నం తిని కూర్చున్నవాణ్ణి, నీ ఇంట్లో తుపాకిని ఎవరు ముడతారు అని ఎలా అడుగుతారు? అది అతని తల్లిని, పెళ్లాన్ని అడిగినట్టే. మర్యాద అడ్డం వచ్చింది. అన్నకూ మర్యాదే అడ్డం. అంతగా అనుమానముంటే పాతబస్తీలో ఇంకో మేస్త్రీకి చూపించుకోవచ్చు. కాని ఉప్పల్ తుపాకుల మామ అల్లుడు ఇంకొకరి దుకాణం మెట్లెక్కాడంటే మామ మొహం ఏం కావాలి?

మరుసటి ఆదివారమూ అదే కథ. వారంలో మళ్లీ జారిందని అన్న చెప్పడం, పెరట్లో మధ్యాహ్నపు ఎండలో అది బుద్ధిమంతురాలిలా నిలబడటం. కనీసం ఒకసారి విప్పి చూడండి మామా అని అన్న బతిమాలినట్టే అడిగాడు. మా మామగారికి ఆ మాట గుచ్చుకుంది. తాను ఎంచి ఇప్పించిన తుపాకి, గాటు చెదరని మరలు, కళ్లెదుట ఏ తప్పూ లేదు. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోతూ ఒక మాట అనేశారు.

"పొద్దుగాల పొద్దుగాలనే జారుతదంటె, రాత్రి తాగింది జర దిగినంక పట్టుకుంటె మంచిగుంటది."

అన్న కల్లు ముట్టని మనిషి. అది అందరికంటే బాగా మా మామగారికే తెలుసు. నేను వంటింటి తలుపు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన, ఎప్పటిలాగే, ఆ సమయానికి డ్యూటీ బస్సుకు టైమైందని గుర్తు తెచ్చుకున్నాడు. అన్న తుపాకిని కాన్వాసు సంచిలో పెట్టుకున్నాడు, వదినెను లెమ్మన్నాడు, పిల్లలు తింటున్న బూరెలు చేతుల్లోనే ఉండగా సైకిలెక్కించాడు. తర్వాతి ఆదివారం వాళ్లు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మా అత్త ఆదివారం బియ్యం ఎక్కువే కడిగేది.

వదినెకు జ్వరమని కబురు తెలిసి, మామగారికి చెప్పకుండా అత్తకు మాత్రం చెప్పి నాగారం వెళ్లాను. ఆమెది జ్వరం కాదు, భయం. మంచం మీద కూర్చుని నా చెయ్యి వదలకుండా చెప్పింది. మొగుడు ఇంట్లో తుపాకి ఊసు ఎత్తడం లేదు. కాని బ్యాంకుకు వెళ్లిన పక్కింటామె చూసి చెప్పిందట, ఇదివరకులా తుపాకిని ఒళ్లో అడ్డంగా పెట్టుకోవడం లేదని, మడమ నేల మీద పెట్టి రెండు గొట్టాలనూ తన కుడి చెవి పక్కకు ఆనించుకుని కూర్చుంటున్నాడని. ఎందుకట్లా అని వదినె నిలదీస్తే ఒక్కటే అన్నాడట.

"జనాల దిక్కు పెట్టి ఎట్ల గూసుంట? పోతె నా దిక్కు పోనీ."

ఆ మాట విన్నాక నేను ఉప్పల్ తిరిగి రాలేకపోయాను. అక్కడే పడుకున్నాను. పొద్దున లేచేసరికి నాగారం చుట్టూ పొలాల మీద మంచు పరుచుకుని ఉంది, అన్న స్వెట్టరు వేసుకుని సంచి భుజాన తగిలించుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు ఫ్యాక్టరీల జీతాల రోజు, బ్యాంకు నిండా మనుషులు ఉంటారు. నేను వాకిట్లో నిలబడి అతను వెళ్లిన దారినే చూస్తున్నాను. వెనక పెద్దమ్మ మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వబోతూ, కొబ్బరినూనె సీసా బోర్లించి అరచేతిలో కొడుతోంది. చుక్క రాలడం లేదు. తెల్లగా మైనంలా గడ్డకట్టుకుపోయింది. విసుక్కుంటూ లేచి సీసాను పొయ్యి పక్కన పెట్టింది, అది కరిగేదాకా నాతో ముచ్చట మొదలుపెట్టింది. తన కోడలి పుట్టింటివాళ్లు తుపాకులోళ్లే గాని తుపాకికి మర్యాద చెయ్యడం రాదని దెప్పింది.

"మీ ఇంట్ల ఉత్త బొట్టు పెడ్తరంట గద. గదేం పూజ? మనకు అన్నం బెట్టేదది. దసరనాడు నేను గిన్నెడు నూనెల పసుపు గలిపి, సందు సందుకు పోసి, పిలగానికి తానం జేపిచ్చినట్టు జేసి, పైనంత బట్టతోని తుడిచిన. తుప్పు గూడ పట్టది."

"ఏం నూనె పెద్దమ్మా?" అన్నాను.

ఆమె పొయ్యి పక్కనున్న సీసా వైపు చూపించింది.

మన ఆడవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఆ సీసా చలికాలం పొద్దున రాయిలా ఉంటుంది, మధ్యాహ్నం కిటికీలో పెడితే నీళ్లలా ఉంటుంది. పొద్దున చలిలో తుపాకి విరిచినప్పుడు లోపల పసుపు ముద్ద గట్టిపడి కొక్కేన్ని గాటులోకి పూర్తిగా దిగనివ్వడం లేదు, కొసకు మాత్రం పట్టుకుని ఉంటోంది. ఆదివారం మధ్యాహ్నం మా పెరటి ఎండలో ముద్ద కరిగి కొక్కెం నిండుగా కూర్చుంటోంది. అన్న అబద్ధమాడలేదు, మామగారి చేతులూ అబద్ధమాడలేదు. పెద్దమ్మ అయితే ప్రేమతో చేసింది. ఇన్ని నిజాల మధ్య ఆ మనిషి చెవి పక్కన తూటాలు నింపిన రెండు గొట్టాలు పెట్టుకుని కూర్చున్నాడు.

వదినెతో కూడా చెప్పలేదు, చెప్పులేసుకుని పరుగెత్తాను. బస్సు ఏఎస్ రావు నగర్ దగ్గర ఆగింది, మనుషులు దిగుతూ ఎక్కుతూ ఉన్నారు, మల్లాపూర్ దాటుతుంటే గేదెలు అడ్డం వచ్చాయి, కండక్టరు చిల్లర కోసం ఎవరితోనో కొట్లాడుతున్నాడు. లోకమంతా కూడబలుక్కుని నెమ్మదించినట్టు అనిపించింది. బ్యాంకు మెట్లెక్కేటప్పుడు లోపల ఇంకా చల్లగానే ఉంది, పొద్దుటి ఎండ ఆ కట్టడానికి వెనక వైపు పడేది. తలుపు దగ్గర స్టూలు మీద అన్న కూర్చుని ఉన్నాడు. వదినె చెప్పినట్టే మడమ కాళ్ల మధ్య, గొట్టాలు చెవి పక్కన. చుట్టూ కార్మికులు వరస కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఒక మనిషి మోచెయ్యి తగిలినా చాలు.

"మీ మామ పంపిండా?" అన్నాడు నన్ను చూసి. మొహంలో ఆదివారం నాటి గాయం అలాగే ఉంది.

"లేదన్నా. దసరాకు పెద్దమ్మ దానికి కొబ్బరినూనెల పసుపు గలిపి పోసిందంట, సందులల్ల. జర కదలకు," అన్నాను.

అన్న తెలివైనవాడు, నేను ఇంకొక మాట చెప్పనవసరం లేకపోయింది. కళ్లు ఒకసారి తుపాకి వైపు పోయి తిరిగి నా మీదికి వచ్చాయి. లోపల తుపాకి విరిచే వీలు లేదు, విరవడమే ఒక కుదుపు. నీళ్లు నిండిన కుండ ఎత్తినట్టు దాన్ని నిలువుగా పట్టుకుని మెల్లగా లేచాడు. జర జరుగున్రి, జర జరుగున్రి అంటూ జనం మధ్యనుంచి నడిచాడు, నేను వెనకే. తలుపు దాటాడు, మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మిగతావాటికంటే ఎత్తు. ఆ మెట్టు మీద అతని బూటు కాస్త బరువుగా పడింది.

ఆ చప్పుడు నేను చెప్పలేను. ముందరి రేకుల కప్పు చిల్లులు పడి దుమ్ము రాలింది, అన్న టోపీ ఎటో ఎగిరిపోయింది, వెనక బ్యాంకులో జనం నేల మీద పడిపోయారు. అన్న నిలబడే ఉన్నాడు. తుపాకి ఇంకా నిలువుగానే పట్టుకుని ఉన్నాడు. కుడి చెంప కమిలిపోయి, చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. నేను అన్నా అన్నా అని అరుస్తుంటే నా పెదాల వైపు చూస్తున్నాడు.

ప్రాణం దక్కింది, కుడి చెవి పోయింది. ఉద్యోగమూ పోయింది. బ్యాంకు గుమ్మంలో తుపాకి పేల్చిన గార్డును ఎవరు పెట్టుకుంటారు? నూనె సంగతి వినే ఓపిక ఏజెన్సీవాళ్లకు లేదు. విచారణ అయి పోలీసుల దగ్గర్నుంచి తుపాకి విడుదలయ్యాక అది మా దుకాణానికి వచ్చింది. మా మామగారు పొద్దున్నే తలుపులు దగ్గరికి వేసుకుని, గాటు చెదరని ఆ మరలు ఒక్కొక్కటే విప్పారు. నేను చాయ్ ఇవ్వడానికి వెళ్తే పుల్లతో లోపలినుంచి పచ్చటి ముద్ద గీకి కాగితం మీద పెడుతున్నారు, పేరుకున్న నెయ్యిలా ఉంది. కాగితాన్ని కిటికీలో ఎండ పడేచోట పెట్టి కూర్చున్నారు. అది కరిగి కాగితానికి మరకై పాకేదాకా అలాగే చూస్తూ ఉన్నారు. చాయ్ చల్లారిపోయింది.

ఆ ఆదివారం ఆయనే నాగారం వెళ్లారు, నన్ను వెంట రమ్మన్నారు. అల్లుడి ఇంటికి పిలవకుండా వెళ్లడం ఆయనకు అదే మొదలు. అన్న వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు, లేవబోతే వద్దని భుజం పట్టి ఆపి, పక్కన కూర్చున్నారు. కుడివైపు కూర్చున్నారు. తల వంచుకుని చాలాసేపు ఏదో చెప్పారు. గొంతు ఎంత తగ్గించారంటే గడపలో ఉన్న నాకు, వదినెకు ఒక్క ముక్క వినిపించలేదు. అన్న ఎదురుగా గోడను చూస్తూ కూర్చున్నాడు, అతనికీ వినిపించలేదు. తెలిసే అటు కూర్చున్నారో, తెలియక కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పడం అయ్యాక ఆయన లేచారు, అన్న కూడా లేచి మామ చెప్పులు ముందుకు జరిపాడు. అంతే.

అన్న తుపాకిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించేసి లైసెన్సు వదులుకున్నాడు, చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర చేతికర్రతో కాపలా కాశాడు. తన నూనె ఏం చేసిందో పెద్దమ్మకు ఎవరూ చెప్పకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఆమె పోయేదాకా ప్రతి దసరాకూ పసుపు కలిపిన నూనె గిన్నె పట్టుకుని తుపాకి ఏదిరా అని అడిగేది, బ్యాంకులోనే ఉందమ్మా అని అన్న చెప్పేవాడు. మా మామగారు ఆ తర్వాత ఏ తుపాకినీ మరలు విప్పకుండా తిరిగివ్వలేదు. సొంత తమ్ముడు వచ్చినా సరే, మొదటి ప్రశ్న, దసరాకు దీనికి ఏం చేశారు అనే.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఉప్పల్‌లో మా దుకాణం ఉన్నచోట మెట్రో స్తంభం నీడలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, ఇసుకపెట్టె ఉన్న మూలలో రంగురంగుల లైట్లు వెలుగుతున్నాయి. బాగుచేసే చేతులు పోయాయి, పాత తుపాకులు మాత్రం ఇంకా తలుపుల పక్కన కూర్చునే ఉన్నాయి. మా కాలంలో మాటపట్టింపులు మస్తుగా ఉండేవి, వాటివల్ల ఒక మనిషి చెవి పోయింది, ఒప్పుకుంటాను. కాని పరుగెత్తుకుపోయి పోట్లాడటానికి ఒక దుకాణమూ, దాంట్లో ఒక మొండి మనిషీ ఉండేవారు. ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలి?

మొన్న బ్యాంకులో వేలిముద్ర పని అయ్యాక, ఆ గార్డు దగ్గరికి పక్కనుంచి వెళ్లి అడిగాను. దసరాకు దీనికి ఏం నూనె పెట్టిన్రు బిడ్డా అని. అతను నవ్వాడు.

"మా ఇంటామె పెట్టిందమ్మా, కొబ్బరినూనె. ఏం ఫికర్ జెయ్యకు, సేఫ్టీ ఏసే ఉంటది."

నాకు తెలిసిందంతా చెప్పాను. ముసలామె ముచ్చట విన్నట్టు ఓపికగా విన్నాడు. మేనేజరు అబ్బాయి మర్యాదస్తుడు, ఏజెన్సీకి మెయిల్ పెడతామన్నాడు. ఆ రోజు బయట ఉక్కపోతగా ఉంది, నేనూ ఇంకేం చెయ్యగలను అనుకుని వచ్చేశాను. అప్పటినుంచి పొద్దున లేవగానే స్నానాల గదిలో అలమర మీదున్న కొబ్బరినూనె సీసా వంచి చూడటం అలవాటైంది. ఇన్నాళ్లూ నూనె పల్చగానే జారింది. ఇవాళ పొద్దున సీసా బోర్లిస్తే కదల్లేదు. బ్యాంకు తెరిచేసరికి నాచారం చేరాలి, చెప్పులేసుకుంటున్నాను.